శామీర్‌పేటలో పసిఫిక్ భోజనం

సముద్రం చూడ్డానికి అమలాపురం నుంచి హైదరాబాదు వెళ్ళినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. మా ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళినా అసలు సముద్రమే వస్తుంది. టికెట్టు కూడా లేదు. అయినా రెండువేల నాలుగు వేసవి సెలవుల్లో రాత్రంతా బస్సులో కూర్చుని, నడుము పట్టేసి, శామీర్‌పేట చెరువు గట్టున ఎవరో కట్టించిన పసిఫిక్ మహాసముద్రాన్ని చూసి, అందులో భోంచేసి వచ్చాను. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పోలినేషియా ద్వీపాలను పటంలో కర్రతో చూపించడమే గాని, అక్కడి తిండి ఎలా ఉంటుందో ఏ పిల్లా అడగలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు స్టాఫ్‌రూములో అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

అయితే నేను వెళ్ళింది భోజనానికి కాదు. మా చెల్లెలు సుభద్ర కొంపల్లిలో ఉంటుంది. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. ముప్పయ్యారేళ్ళు వచ్చాయి. మేం సంబంధాలు చూడడం మానేసిన చాలా కాలానికి, ఒక ఆదివారం పెద్దన్నయ్యకు ఫోన్ చేసి, "నేను ఒకర్ని చేసుకోవాలనుకుంటున్నాను" అంది. అతని పేరు యాదగిరి. మేడ్చల్ మనిషి. మొక్కల నర్సరీ ఉంది. భార్య పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. సుభద్ర వాళ్ళ కంపెనీ ఆవరణలో చెట్లు నాటడానికి వచ్చినప్పుడు పరిచయమట.

నాన్నగారు పోయాక సుభద్రని చదివించింది పెద్దన్నయ్యే. అందుకే అది చివర్లో, "నువ్వు వద్దంటే చేసుకోను" అని కూడా అంది. ఆ మాటతో భారమంతా ఆయన నెత్తిన పడింది. ఆయన దాన్ని తీసి నా నెత్తిన పెట్టాడు.

"ఊరు కాని ఊరు, రెండో పెళ్ళివాడు. ఆస్తీ అంతస్తూ నాకక్కర్లేదు. మనిషి ఎలాంటివాడో చూసి రా. నీకు ఏ మాత్రం అనుమానంగా ఉన్నా చెప్పు, నేను దానితో మాట్లాడతాను" అన్నాడు.

అలా బయల్దేరాను.

కొంపల్లి

కొంపల్లిలో ఇళ్ళకంటే ముందు రాళ్ళు మొలిచాయి. ఎటు చూసినా సున్నం పూసిన హద్దురాళ్ళు, వాటి మధ్య ఎక్కడో ఒక మూడంతస్తుల భవనం, దాని పక్కన గేదెల పాక. నాగపూర్ వెళ్ళే లారీలు రోడ్డు అదిరేలా పోతుంటాయి. సుభద్ర ఉండే అపార్టుమెంటులో సగం మంది మన గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళే. మెట్లమీద ఎదురైన ఒకావిడ నా చేతిలోని సంచీ చూసి, "పూతరేకులేనా?" అని అడిగింది. నేను అవునో కాదో చెప్పేలోపే ఆత్రేయపురంలో వాళ్ళ పిన్నిగారి ఇల్లు ఎక్కడో చెప్పేసింది.

ఎండ మండిపోతోంది. రోడ్డు పక్కన కొట్టులో ఒక ముసలమ్మ కుండ పెట్టుకుని కూర్చుంది. మజ్జిగ ఉందా అని అడిగాను.

"సల్లనా? ఉన్నది" అంది.

"చల్లగా ఉంటే మరీ మంచిది, ఇవ్వండి" అన్నాను.

"సల్ల సల్లగ ఉండక యేడిగ ఉంటదా? ఏ ఊరమ్మా నీది?" అని పకపకా నవ్వింది.

మా అమ్మమ్మ కూడా మజ్జిగని చల్ల అనేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మనం వదిలేసిన మాట ఇక్కడ కుండలో చల్లగా ఉంది. రెండు గ్లాసులు తాగాను. రెండో గ్లాసుకి డబ్బులు తీసుకోలేదు, నవ్వించినందుకట.

ఆ సాయంత్రం సుభద్రని అడిగాను, "అతనిలో ఏం చూశావే?" అని. అది బియ్యం ఏరుతోంది.

"మా కంపెనీలో నాటిన మొక్కలు చచ్చిపోతుంటే, ప్రతి వారం వచ్చి ఒక్కోదాని దగ్గరా కూర్చునేవాడక్కా. బిల్లు ఎప్పుడో ఇచ్చేశారు. రావక్కర్లేదు. అయినా వచ్చేవాడు" అంది. ఇంకేమీ చెప్పలేదు. పెద్దన్నయ్యకి ఈ సమాధానం సరిపోదని నాకు తెలుసు. నిజానికి నాకూ సరిపోలేదు.

మేడ్చల్

మర్నాడు మేడ్చల్ వెళ్ళాం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలట. యాదగిరి వాళ్ళకీ ఉండేది. బోర్లు ఎండిపోయి తీగలు పీకేశారు. రాతి స్తంభాలు మాత్రం వరసగా ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి మీద నీడ కోసం ఆకుపచ్చ వల కప్పి, కింద నల్ల సంచుల్లో మొక్కలు పెంచుతున్నారు. యాదగిరి పొడుగ్గా, చామనచాయగా ఉన్నాడు. మాటలు తక్కువ. "రండి అక్కా" అని చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తోడి ఇచ్చి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక కరివేపాకు మొక్కొకటి నా చేతిలో పెట్టాడు. దాన్ని ఏం చేయాలో తెలియక నేను భోజనం అయ్యేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అసలు మనిషి ఇంట్లో ఉంది. యాదగిరి తల్లి, మల్లమ్మ. సన్నటి మనిషి, గట్టి గొంతు, ముంజేతుల మీద పచ్చబొట్లు. నన్ను చూసి, "పంతులమ్మవట గదా, కూసో" అంది. సుభద్రని చూడనే లేదు. గోడకి దండ వేసిన ఫోటో ఉంది. ఇరవై ముప్పై మధ్య వయసు అమ్మాయి, ముక్కుపుడక, నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు. యాదగిరి మొదటి భార్య లక్ష్మి.

భోజనం మాత్రం ఏ లోటూ లేకుండా పెట్టింది. జొన్నరొట్టె, ఎండుకొబ్బరి వేసిన నాటుకోడి కూర, పచ్చిపులుసు. మనం పచ్చిపులుసులోకి వంకాయ కాల్చి పిసుకుతాం. వీళ్ళు చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి ఎక్కించకుండానే పోస్తారు. మొదటి గుక్కకి పొలమారింది. రెండో గుక్క నుంచి వదల్లేకపోయాను. సుభద్ర విస్తట్లో కూడా అన్నీ పడ్డాయి, కాకపోతే గరిటె దాని వైపు వచ్చినప్పుడు మల్లమ్మ ముఖం నా వైపు తిరిగేది.

అందరూ లేచాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ సెల్లె మంచిదే కావచ్చు. నేను గాదంటలేను. గని నాకు కోడలు ఒకతే ఉండె, నా తమ్ముని బిడ్డ. సిన్నప్పటిసంది నా ఎంబడే తిరిగింది. కామెర్లు ముదిరినయ్. దవాఖానకు తీస్కపోతే మల్ల ఇంటికి రాలే. ఇగ నాకు ఇంకొకతి అక్కరలేదు, పంతులమ్మా. మీ సెల్లెకు చెప్పుకో."

నేను ఆ అబ్బాయిని చూడ్డానికి వచ్చాను గాని, ఆవిడకి సమాధానం తీసుకుని రాలేదు.

అప్పుడే యాదగిరి హోటలు మాట ఎత్తాడు. శామీర్‌పేట చెరువు దగ్గర కొత్త రిసార్టు కట్టారట. అందులో సముద్ర ద్వీపాల పద్ధతిలో ఒక హోటలు. దానికి కొబ్బరిచెట్లు, అరటి, మందారాలు అన్నీ తనే నాటాడు. మేనేజరు సంతోషపడి, ఇంటివాళ్ళందర్నీ తీసుకుని ఈ సాయంత్రం భోజనానికి రమ్మన్నాడు.

"అమ్మా, నువ్వు గూడ రావాలె."

"నేనెందుకురా?"

"నా చెట్లు సూద్దువు."

మల్లమ్మ కొంగు సర్దుకుంది. "చెట్లు సూస్త. ఎవ్వలతోని మాట్లాడ, ముందుగాల్నే చెప్తున్న" అంది.

తాటిముంజలు

జీపులో నలుగురం. ముందు తల్లీ కొడుకూ, వెనక మేమిద్దరం. మేడ్చల్ దాటితే ఎర్రనేల, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్ళు, సీతాఫలం పొదలు. నాకు కొబ్బరితోటలు, కాలవలు తప్ప కళ్ళకి వేరే అలవాటు లేదు. ఇంత రాయి ఒక్కచోట చూస్తే మొదట్లో గుండె పొడిబారినట్టయింది. తర్వాత ఎండ వాలి ఆ రాళ్ళమీద పడేసరికి అవి బెల్లం అచ్చుల్లా మెరిశాయి. అప్పుడు నచ్చాయి.

దారిలో ముంజలు అమ్ముతుంటే జీపు ఆపించింది మల్లమ్మ. ధర దగ్గర ఆవిడకీ అమ్మేవాడికీ కాసేపు యుద్ధం. ఆవిడే గెలిచింది. ముంజల పొట్టు ఒడుపుగా గోటితో తీసి నాకొకటి, కొడుక్కొకటి ఇచ్చింది. మూడోది కూడా కొడుకు చేతిలోనే పెట్టి, కిటికీలోంచి బయటికి చూసింది. అతను అది వెనక్కి సుభద్రకి అందించాడు. అలా ప్రతిసారీ. సుభద్ర ఆ ముంజలన్నీ తింది, ఒక్కటి కూడా వద్దనలేదు.

ద్వీపం

రిసార్టు కట్టినప్పుడు చెరువు నిండుగా ఉండి ఉంటుంది. వరసగా వానల్లేక నీళ్ళు వెనక్కి పోయాయి. హోటలు ముందు పెద్ద బురద మైదానం, అందులో నెర్రెలు, మేస్తున్న గేదెలు. వాటికి అవతల ఎక్కడో పల్చగా మెరుస్తున్న నీరు. అయితే అలల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. స్పీకర్లలో పెట్టారు. కళ్ళు మూసుకుంటే మా ఊరి దగ్గరి ఓడలరేవు బీచి. తెరిస్తే గేదెలు.

యాదగిరి లోపలికి వెళ్ళకుండా ముందు తన కొబ్బరిచెట్ల దగ్గరికి వెళ్ళాడు. పెరిగిన చెట్లను వేళ్ళతో పెకలించి తెచ్చి నాటారట. కర్రలు ఆనించి నిలబెట్టారు, కాళ్ళు విరిగినవాళ్ళకి చంకకర్రల్లా. ఒకదాని మొవ్వు వాడి ఉంది. అతను దాని మొదట్లో వేలు గుచ్చి మట్టి తడి చూస్తుంటే, నేను పక్కన నిలబడి, "కాస్త ఉప్పు వెయ్యండి, మావాళ్ళు వేస్తారు" అన్నాను. "వేస్త అక్కా" అని వెంటనే తలూపాడు. మొట్టమొదటిసారి ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం.

గుమ్మం దగ్గర పూల చొక్కా వేసుకున్న ఒక మీసాలాయన చేతులు ఊపుతూ, "అలోహా!" అన్నాడు. మేం తెల్లబోయి చూస్తే గొంతు తగ్గించి, "నమస్తే అమ్మా, గట్ల అనుమన్నరు" అన్నాడు. సిద్దిపేట దగ్గరి వాడట. ఇద్దరమ్మాయిలు పూలదండలతో ఎదురొచ్చారు. నా మెడలో ఒకటి, యాదగిరి మెడలో ఒకటి, సుభద్ర మెడలో ఒకటి పడ్డాయి. యాదగిరీ సుభద్రా దండలతో పక్కపక్కన నిలబడి, ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశారు. మల్లమ్మ తన వంతు వచ్చేసరికి రెండడుగులు వెనక్కి వేసింది.

"దండలు పెండ్లోళ్ళకు ఏస్తరు, సచ్చినోళ్ళకు ఏస్తరు. నేను ఏ తీరు బిడ్డా?"

ఆ అమ్మాయికి తెలుగు రాదు. నవ్వి దండ చేతిలోనే పెట్టింది. మల్లమ్మ దాన్ని వాసన చూసి, కాగితం పూలు కావని తేల్చుకుని, కొప్పు చుట్టూ చుట్టుకుంది.

లోపల మూలకి నిలువెత్తు కొయ్యబొమ్మ ఒకటి. గుండ్రటి కళ్ళు, పళ్ళన్నీ కనిపించే నోరు. ద్వీపవాసుల దేవుడని మీసాలాయన చెప్పాడు.

"గీ పోతరాజు ఏ ఊరోడు?" అంది మల్లమ్మ.

"సముద్రం అవుతల అమ్మా."

"పాపం, గంత దూరంకెల్లి వచ్చిండు" అని ఆవిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. చుట్టూ చూసి, దేవుడి ముందు ఒక దీపమైనా లేనందుకు మీసాలాయన్ని కోప్పడింది కూడా.

భోజనం

తాటాకు కప్పు, వెదురు స్తంభాలు, బల్లమీద ఒక్క కొవ్వొత్తి. ఎదుటివాళ్ళ ముఖం కూడా సరిగ్గా కనిపించని చీకటి. ఇంత ఖర్చుపెట్టి కట్టినవాళ్ళు దీపాల దగ్గర పిసినారితనం ఎందుకు చూపించారో నాకు అర్థం కాలేదు. అదే అందమట.

మొదట కొబ్బరిచిప్పలో పానీయం వచ్చింది, అంచుకి కాగితం గొడుగు గుచ్చి. అనాసరసం, కొబ్బరిపాలు, చక్కెర. మా ఊళ్ళో బోండాం నీళ్ళలో చక్కెర కలిపితే కాయలు దింపేవాడు మళ్ళీ మన చెట్టెక్కడు. ధర ఎంతో మెనూ కార్డులో చూశాను. ఆ డబ్బుతో మా సంతలో ఒక గెల కొనుక్కోవచ్చు. మల్లమ్మ మాత్రం మొత్తం తాగి, ఆ గొడుగు ఊడదీసి కొంగున ముడేసుకుంది. తర్వాత చికెన్ వచ్చింది. ద్వీపాల్లో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ళు పరిచి, ఆకుల్లో చుట్టి మాంసం పూడ్చిపెడతారట. ఇక్కడ పొయ్యిమీదే వండి, ఆకు చుట్టారు. తియ్యగా ఉంది. అన్నంలో కూడా అనాసముక్కలు. "పాయసంల కోడిని ఏసినట్టున్నది" అంది మల్లమ్మ. ఆవిడ ఎవరితోనూ మాట్లాడనన్న మాట మరిచిపోయిందని నేను గుర్తించాను గాని, గుర్తు చేయలేదు.

తర్వాత నాట్యం. గడ్డి లంగాలు కట్టుకున్న అమ్మాయిలు, నిప్పు బంతులు తిప్పే అబ్బాయి, ఒక డోలు. వాళ్ళంతా డార్జిలింగు వైపు నుంచి వచ్చిన పిల్లలు. పసిఫిక్ వాళ్ళకీ మాకూ ఒకే దూరం. అయినా ఏం ఆడారు! చేతులతో అలలు, చేపలు, వాన అన్నీ చూపించారు. మల్లమ్మ ఒళ్ళో చెయ్యి డోలుతో పాటు ఆడుతోంది.

"మంచిగనే కొడుతున్నడు. గని డప్పు కాగవెట్టలే. మంట పక్కననే ఉన్నది, జెరంత సూపియ్యరాదా?"

యాదగిరి నవ్వాడు. సుభద్ర నవ్వింది. మల్లమ్మకి కూడా నవ్వు వచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక పరవాలేదు, రాత్రికి పెద్దన్నయ్యకి ఏదో ఒకటి చెప్పవచ్చు అనుకున్నాను.

ముల్లు

చివర్లో చేప వచ్చింది. అరిటాకులో చుట్టి, కొబ్బరిపాలతో ఉడికించిన నిండు చేప. ఆకు విప్పగానే వచ్చిన వాసనకి నాకు మా ఇంటి వంటగది కళ్ళముందు కనిపించింది. కానీ సముద్రం చేప కాదు, చెరువు బొచ్చె. సన్నముళ్ళు ఎక్కువ. ఆ చీకట్లో ముల్లేదో కండేదో తెలియడం లేదు. నేను మల్లమ్మ పళ్ళెంలో ముళ్ళు తీయబోతే పళ్ళెం పక్కకి లాక్కుంది.

"నాకు తినరాదనుకుంటున్నవా పంతులమ్మా? గీ చెర్ల చేపలు తినే పెరిగిన."

నిజంగానే ఒడుపుగా తింటోంది. అప్పుడు యాదగిరి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అక్క రేపు పోతది. గిప్పుడన్న ఒక మాట చెప్పు."

మల్లమ్మ నములుతూనే తలెత్తింది. నవ్వంతా పోయింది. "ఏం చెప్పాలెరా? మా లచ్చిమి కూసున్న కాడ తెచ్చి ఇంకొకదాన్ని కూసోవెడ్తనంటే, నేను నోరు మూసుకోని..."

మాట సగంలో ఆగింది. చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. దగ్గు. ఆగని దగ్గు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ముల్లు దిగిందని నాకు వెంటనే అర్థమైంది. మా ఇళ్ళల్లో చేసే పనే చేయబోయాను. అనాసముక్కలు తీసేసి అన్నం ముద్ద కట్టాను. సుభద్ర నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"వద్దక్కా, ఇంకా కిందికి దిగుతుంది. నాకు వెలుతురు కావాలి. ఇక్కడ ఏమీ కనబడదు."

మల్లమ్మ రుమాల్లో ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, కారు తీయిస్తాను, సికింద్రాబాదు ఆసుపత్రికి తీసుకెళదాం అన్నాడు. ఆ మాట వినగానే మల్లమ్మ బల్ల అంచు రెండు చేతులా పట్టేసుకుంది. తల అడ్డంగా ఊపింది. మాట రావడం లేదు గాని, రానని ఒళ్ళంతా చెబుతోంది. ఆవిడ ఇంటి నుంచి దవాఖానకు వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.

యాదగిరి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూలబడ్డాడు. తల్లి తల గుండెకి అదుముకుని, "నువ్వు గూడ పోకే అమ్మా, నువ్వు గూడ పోకే" అంటూ ఏడ్చేశాడు. చుట్టూ బల్లల దగ్గర సూట్లు వేసుకున్నవాళ్ళు ఉన్నారు, నాట్యం చేసే పిల్లలు ఉన్నారు. అందరూ చూస్తున్నారు. అతనికి ఎవరూ కనిపించలేదు.

"ఏడవకండి. జీపు లైట్లు వెయ్యండి" అంది సుభద్ర. అరవలేదు. ల్యాబులో అలాగే మాట్లాడుతుందేమో. అతను లేచి పరుగెత్తాడు.

జీపు ముందు

జీపు ముందు కుర్చీ వేసి మల్లమ్మని కూర్చోబెట్టాం. రెండు లైట్లూ ఆవిడ ముఖం మీద. సుభద్ర వేడినీళ్ళతో చేతులు కడుక్కుని వచ్చి, వేళ్ళతో అందదని చూసి, సన్న పట్టకారు ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగింది. నాట్యం చేసిన అమ్మాయి ఒకతి గడ్డి లంగాతోనే పరుగెత్తి, తన అలంకరణ పెట్టె తెచ్చింది. కనుబొమలు తీసుకునే పట్టకారు. దాన్నీ మరిగే నీళ్ళలో ముంచారు.

అయితే మల్లమ్మ నోరు తెరవదు. పళ్ళు బిగించి సుభద్రని చూస్తోంది. ఆ రోజు మొత్తంలో ఆవిడ దాన్ని నేరుగా చూడడం అదే మొదలు.

సుభద్ర ఆవిడ ముందు నేలమీద కూర్చుంది.

"మీకు నేను ఇష్టం లేదని తెలుసు. ఉండాలని అడగడం లేదు. ముల్లు తీసేస్తాను, రేపు నన్ను మా ఊరు వెళ్ళిపోమన్నా వెళతాను. ఒక్కసారి నోరు తెరవండమ్మా."

మల్లమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

యాదగిరి వెనక నిలబడి తల పట్టుకున్నాడు. నేను గడ్డం పట్టుకున్నాను. సుభద్ర ఒక చెంచా కాడతో నాలుక అదిమి, లోపలికి చూసి, ఒకసారి పట్టకారు పెట్టి లాగింది. రాలేదు. మల్లమ్మ వాంతి వచ్చినట్టు వెనక్కి విరుచుకుంది. సుభద్ర ఆగి, ఆవిడ ఊపిరి సర్దుకునేదాకా చెంప నిమురుతూ కూర్చుంది. మళ్ళీ పెట్టింది. ఈసారి మెల్లగా బయటికి తీసింది. లైట్లో చూస్తే పట్టకారు కొసన ముల్లు, వెంట్రుకంత సన్నగా, తెల్లగా, కొడవలిలా వంగి ఉంది.

ఆ డార్జిలింగు పిల్లలు చప్పట్లు కొట్టారు. డోలు అబ్బాయి ఆపుకోలేక ఒక దెబ్బ వేశాడు.

మల్లమ్మ మొదట ఆ చేపని, దాని వంశాన్ని తిట్టింది. తర్వాత నీళ్ళు అడిగింది. సుభద్ర గ్లాసు అందిస్తే గుక్కగుక్కగా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, జీపు బంపరు చూపించి, "గిట్ల కూసో" అంది. సుభద్ర కూర్చుంది. మేమంతా కాస్త దూరం జరిగాం, వినబడనంత దూరం మాత్రం కాదు.

"నా లచ్చిమి ఫోటో తియ్యనియ్య ఇంట్లకెల్లి."

"ఎవరు తీయమన్నారు? అక్కడే ఉండాలి. కాకపోతే అద్దం మీద దుమ్ము పట్టింది, నేను తుడుస్తాను."

మల్లమ్మ కిందికి చూసింది. "నాకు పై దాంక చెయ్యి అందుతలేదు" అంది. గొంతు బొంగురుగా ఉంది, ముల్లు వల్లే కావచ్చు. తర్వాత సుభద్ర ముంజెయ్యి పట్టుకుని లైట్లో అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేతులకు గాజుల్లేవేంది బిడ్డా?"

"ల్యాబులో వేసుకోనివ్వరమ్మా."

"పెండ్లికన్న ఏసుకుంటవా, లేదా?"

సుభద్ర తలూపింది. యాదగిరి వెళ్ళి, అవసరం లేకపోయినా జీపు బానెట్ ఎత్తి లోపలికి చూడడం మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణం

మర్నాడు కొంపల్లి రోడ్డుమీద ఎస్టీడీ బూతు నుంచి పెద్దన్నయ్యకి ఫోన్ చేశాను. ఏమేం చెప్పాలో బస్సు దిగిన రోజు నుంచీ మనసులో వరస కట్టుకుంటూ వచ్చాను. నర్సరీ ఎంత ఉంది, ఇల్లు ఎలా ఉంది, చుట్టుపక్కలవాళ్ళు ఏమంటున్నారు. ఆయన "ఊఁ, చెప్పు. మనిషి ఎలాంటివాడు?" అనగానే అదంతా ఎటో పోయింది.

"వాళ్ళమ్మ గొంతులో చేపముల్లు దిగిందన్నయ్యా. అతను అందరి ముందూ ఏడ్చేశాడు" అన్నాను.

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ముల్లు వచ్చిందా?"

"వచ్చింది. మన సుభద్రే తీసింది."

తర్వాత పెద్దన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ్ని ఓ రెండు రోజులు కారం తిననివ్వొద్దని చెప్పు" అన్నాడు. మళ్ళీ తనే, "ముహూర్తం వాళ్ళ సిద్ధాంతి పెడతాడో, మన సిద్ధాంతి పెట్టాలో కూడా ఆవిడ్నే కనుక్కో" అన్నాడు.

బూతు తలుపు తోసుకుని బయటికి వచ్చాను. సుభద్ర ఎండలో నిలబడి ఉంది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఏమన్నాడని అది అడగలేదు. అడిగే ధైర్యం లేదు దానికి. నా ముఖం కూడా చూడకుండా సంచీ అందుకోబోయింది.

"బస్సుకి ఇంకా చాలా టైముందే. పద, సికింద్రాబాదు వెళ్ళి పట్టుచీరలు చూద్దాం" అన్నాను.

అది సంచీ వదిలేసింది. ముప్పయ్యారేళ్ళ మనిషి, రోడ్డంతా చూస్తుండగా నా మెడ పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.